రేడియోధార్మికత, రేడియేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో సగం ఇంటర్ పిల్లలవి, మిగతా సగం వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లవి. రేడియేషన్ అన్న మాట వినగానే మనవాళ్లు అక్కర్లేని చోట బెంబేలెత్తిపోతారు, జాగ్రత్తపడాల్సిన చోట ధీమాగా ఉంటారు. దీనికి మందు ఒక్కటే. ఎవరు ఏం చెప్పినా మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: అది ఏ రకం రేడియేషన్, ఎంత ఉంది, ఒంటికి బయట ఉందా లోపలికి వెళ్లిందా? కింది జవాబుల్లో ఈ మూడూ పదేపదే వస్తాయి.

రేడియోధార్మికత అంటే అసలేమిటి? కొన్ని మూలకాలకే ఎందుకు ఉంటుంది?

పరమాణువు నడిబొడ్డున ఉండే కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. ప్రోటాన్లన్నిటికీ ధనావేశమే కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. అయినా కేంద్రకం విడిపోకుండా ఉందంటే దాన్ని కట్టిపడేసే బలం ఇంకొకటి ఉండాలి. అదే ప్రబల కేంద్రక బలం. దాని పట్టు చాలా గట్టిది, కానీ పక్కపక్కనే ఉన్న కణాల మధ్యే పనిచేస్తుంది. ప్రోటాన్ల మధ్య వికర్షణ అలా కాదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. కేంద్రకం పెద్దదయ్యేకొద్దీ పట్టి ఉంచే బలం వెనకబడుతుంది, నెట్టే బలానిది పైచేయి అవుతుంది. న్యూట్రాన్ల సంఖ్య పెరిగితే కొంతవరకు సర్దుకుంటుంది. సీసం దాటాక మాత్రం ఎన్ని న్యూట్రాన్లున్నా పూర్తి నిలకడ రాదు. చిన్న కేంద్రకాల్లోనూ ప్రోటాన్లకూ న్యూట్రాన్లకూ పొత్తు కుదరకపోతే ఇదే గొడవ. కార్బన్-12 (పేరు పక్కనున్న అంకె ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) ఎప్పటికీ అలాగే ఉంటుంది. రెండు న్యూట్రాన్లు ఎక్కువున్న కార్బన్-14 ఉండదు.

నిలకడ లేని కేంద్రకం ఏదో ఒక క్షణాన కణాన్నో శక్తినో బయటికి విసిరి మరో రూపంలోకి మారుతుంది. ఈ మార్పే విఘటనం. బయటికి వచ్చేది రేడియేషన్. ఆ గుణం పేరు రేడియోధార్మికత.

ఇంకో ముచ్చట. బిస్మత్-209 నిలకడైనదేనని చాలాకాలం అందరూ నమ్మారు. అది కూడా విఘటనం చెందుతుందని 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. దాని అర్ధాయువు, అంటే సగం కేంద్రకాలు విఘటనం చెందడానికి పట్టే కాలం, విశ్వం వయసుకు వంద కోట్ల రెట్ల కన్నా ఎక్కువ!

దీన్ని ఎవరు కనిపెట్టారు?

1896లో పారిస్‌లో హెన్రీ బెకరెల్. నల్ల కాగితంలో చుట్టిన ఫొటో పలక మీద యురేనియం లవణం పెట్టి ఉంచితే, ఎండ తగలకపోయినా పలక మీద మచ్చ పడింది. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం మూలకాలను కనుగొన్నారు. ఆల్ఫా, బీటా కిరణాలను వేరుచేసి పేర్లు పెట్టింది రూథర్‌ఫర్డ్. 1900లో విలార్డ్ చూసిన మూడో రకానికి గామా అని పేరు పెట్టిందీ ఆయనే. న్యూట్రాన్ కోసం 1932లో చాడ్విక్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఆల్ఫా, బీటా, గామాల మధ్య తేడా ఏమిటి? ఏది ఎక్కువ ప్రమాదం?

పరీక్షలో అందరూ రాసే జవాబు "గామా అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే ఎక్కువ దూరం చొచ్చుకుపోతుంది" అని. ఇది సగమే నిజం.

ఆల్ఫా కణమంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ముద్ద, అంటే హీలియం కేంద్రకం. బరువు ఎక్కువ, ఆవేశమూ ఎక్కువ. అందుకే దారిలో తగిలిన ప్రతి పరమాణువు నుంచీ ఎలక్ట్రాన్లను ఊడగొడుతూ తన శక్తినంతా కొద్ది దూరంలోనే ఖర్చుపెట్టేస్తుంది. గాలిలో నాలుగైదు సెంటీమీటర్లు పోతుంది, అంతే. కాగితం అడ్డుపెడితే ఆగిపోతుంది. మన చర్మం పైపొరలోని మృతకణాలు చాలు దాన్ని ఆపడానికి. బయట ఉన్నంతవరకు ఆల్ఫాతో దాదాపు భయం లేదు.

అదే పదార్థం ఊపిరితోనో తిండితోనో లోపలికి పోతే కథ తిరగబడుతుంది. అక్కడ కాపాడడానికి మృతకణాల పొర లేదు. పోగేసిన శక్తినంతా పక్కనున్న నాలుగైదు జీవకణాల మీదే గుమ్మరిస్తుంది. 2006లో లండన్‌లో అలెగ్జాండర్ లిట్వినెంకో అనే రష్యా మాజీ గూఢచారికి టీలో పొలోనియం-210 కలిపి ఇచ్చారు. పొలోనియం దాదాపు ఆల్ఫా మాత్రమే వెదజల్లుతుంది కాబట్టి గామా కోసం వెతికే పరికరాలకు ఒంటి బయట ఏమీ దొరకలేదు. కారణం తేలేసరికి ఆయన ప్రాణానికి కొద్ది గంటలే మిగిలాయి. కంటికి కనపడనంత పదార్థం చేసిన పని అది.

బీటా కణం అంటే వేగంగా వచ్చే ఎలక్ట్రాన్. కేంద్రకంలో ఎలక్ట్రాన్లు లేవు కదా, ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. కేంద్రకంలోని ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది. ఆ మార్పులో అప్పటికప్పుడు ఒక ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినో అనే దాదాపు బరువు లేని కణం ఒకటి పుట్టి బయటికి దూసుకొస్తాయి. దాన్ని అక్కడ ఎవరూ ముందే దాచి ఉంచలేదు. బీటా గాలిలో కొన్ని మీటర్లు పోగలదు, చర్మంలోకి కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది, అల్యూమినియం రేకుకు ఆగుతుంది. ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది: బీటాకు నేరుగా సీసం అడ్డుపెట్టకూడదు. వేగంగా వస్తున్న ఎలక్ట్రాన్ సీసం లాంటి బరువైన మూలకంలో ఒక్కసారిగా ఆగితే ఎక్స్-కిరణాలు పుడతాయి. అందుకే ఫాస్ఫరస్-32తో పనిచేసే జీవశాస్త్ర ప్రయోగశాలల్లో మందపాటి అక్రిలిక్ పలక వెనక నిలబడి పనిచేస్తారు. కొన్ని కేంద్రకాలు ఎలక్ట్రాన్ బదులు ధనావేశమున్న పాజిట్రాన్‌ను వదులుతాయి. ఆస్పత్రుల్లో తీసే పెట్ (PET) స్కాన్ నడిచేది దాంతోనే.

గామా కణం కాదు, వెలుగు జాతిదే, కాకపోతే శక్తి లక్షల రెట్లు ఎక్కువ. ఆల్ఫానో బీటానో పోయాక కేంద్రకంలో మిగిలిన అదనపు శక్తి గామాగా బయటికి వస్తుంది. దీన్ని పూర్తిగా ఆపడం ఉండదు, తగ్గించడమే. కోబాల్ట్-60 నుంచి వచ్చే గామాను సుమారు 1.2 సెంటీమీటర్ల సీసం సగానికి తగ్గిస్తుంది. మరో 1.2 సెంటీమీటర్లు పెడితే ఆ సగంలో సగం. ఇలా పన్నెండు సెంటీమీటర్లు పేరిస్తే వెయ్యో వంతుకు వస్తుంది. క్యాన్సర్ ఆస్పత్రుల్లో కోబాల్ట్ యంత్రం ఉన్న గది గోడలు అంత మందంగా కట్టేది అందుకే.

కాబట్టి బయట ఉంటే గామా ముందు, ఆల్ఫా చివర. లోపలికి పోతే ఆల్ఫా ముందు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పాఠం వచ్చేసినట్టే.

న్యూట్రాన్ రేడియేషన్ సంగతేమిటి?

రియాక్టర్లలో, విచ్ఛిత్తి (కేంద్రకం రెండుగా చీలడం) జరిగే చోట్ల ఉంటుంది. మన ఇళ్లకు, వీధులకు సంబంధం లేదు. ఆవేశం లేదు కాబట్టి సీసం దీన్ని పెద్దగా ఆపదు. నీళ్లు, కాంక్రీటు, పారఫిన్ మైనం లాంటి హైడ్రోజన్ ఉన్న పదార్థాలు ఆపుతాయి. తగిలిన వస్తువును రేడియోధార్మికంగా మార్చే గుణం దీనికి ఉంది. ఆస్పత్రుల్లో వాడే కోబాల్ట్-60 పుట్టేది కూడా అలాగే, మామూలు కోబాల్ట్-59ని రియాక్టర్‌లో న్యూట్రాన్ల మధ్య ఉంచి తయారుచేస్తారు.

యురేనియం-238 సీసం-206గా మారడానికి ఎన్ని ఆల్ఫాలు, ఎన్ని బీటాలు?

ప్రతి ఏడాదీ పరీక్షల ముందు వచ్చే ప్రశ్న. సూత్రం బట్టీ పట్టొద్దు, ఇలా ఆలోచించండి.

బీటా పోతే ద్రవ్యరాశి సంఖ్య, అంటే పేరు పక్కనున్న అంకె, మారదు. ఆల్ఫా పోతే 4 తగ్గుతుంది. 238 నుంచి 206కి రావాలంటే 32 తగ్గాలి, అంటే 8 ఆల్ఫాలు. ఇప్పుడు పరమాణు సంఖ్య, అంటే ప్రోటాన్ల సంఖ్య, చూడండి. యురేనియంది 92. ఒక్కో ఆల్ఫాకు 2 చొప్పున ఎనిమిదింటికి 16 పోతే 76 మిగలాలి. కానీ సీసం పరమాణు సంఖ్య 82. ఆ 6 ఎలా పెరిగింది? ఒక్కో బీటా పోయినప్పుడు ఒక న్యూట్రాన్ ప్రోటాన్ అవుతుంది కాబట్టి సంఖ్య 1 పెరుగుతుంది. అంటే 6 బీటాలు. మొత్తం 14 మెట్లు.

ఈ మెట్ల మీద దారిలో తగిలే పేర్లు గుర్తుంచుకోండి: థోరియం, రేడియం-226, రాడాన్-222, పొలోనియం-210. కింది జవాబుల్లో ఇవన్నీ వస్తాయి. యురేనియం ఉన్న రాయిలో యురేనియం ఒక్కటే ఉండదు, దాని సంతతి అంతా ఉంటుంది.

అర్ధాయువు అంటే ఆ పదార్థం ఆయుష్షులో సగమా?

కాదు. ఉన్న కేంద్రకాల్లో సగం విఘటనం చెందడానికి పట్టే కాలం. అదే కాలం మరోసారి గడిస్తే మిగిలినదంతా పోదు, మిగిలినదాంట్లో సగం పోతుంది.

పెనం మీద పేలాలు వేయిస్తున్నప్పుడు ఏ గింజ ఎప్పుడు పేలుతుందో చెప్పలేం, మొత్తం మీద ఎన్ని నిమిషాల్లో సగం పేలతాయో మాత్రం చెప్పగలం. కేంద్రకాలదీ ఇదే వరస. తేడా ఒక్కటే: గింజ వేడెక్కేకొద్దీ పేలడానికి దగ్గరవుతుంది, కేంద్రకానికి అలాంటి సన్నాహమేదీ లేదు. కోటి ఏళ్లుగా అలాగే ఉన్న యురేనియం కేంద్రకం ఈ క్షణం విఘటనం చెందే అవకాశమెంతో, నిన్న పుట్టినదానికీ అంతే.

కొన్ని అర్ధాయువులు: టెక్నీషియం-99ఎం 6 గంటలు, రాడాన్-222 సుమారు 3.8 రోజులు, అయోడిన్-131 8 రోజులు, కోబాల్ట్-60 సుమారు 5.3 ఏళ్లు, సీజియం-137 30 ఏళ్లు, రేడియం-226 1600 ఏళ్లు, కార్బన్-14 5730 ఏళ్లు, యురేనియం-238 సుమారు 447 కోట్ల ఏళ్లు.

అర్ధాయువు ఎక్కువుంటే ప్రమాదం ఎక్కువని అనుకోవడం పొరపాటు. సంఖ్యలో సమానమైన కేంద్రకాలు తీసుకుంటే, అర్ధాయువు తక్కువున్నదే సెకనుకు ఎక్కువసార్లు విఘటనం చెందుతుంది. యురేనియం నిదానంగా పోతుంది కాబట్టే భూమి పుట్టినప్పటిదాంట్లో దాదాపు సగం ఇంకా మిగిలి ఉంది.

వేడిచేస్తే, కాలిస్తే, ఆమ్లంలో వేస్తే రేడియోధార్మికత పోతుందా?

పోదు. ఇవన్నీ పరమాణువు పైనున్న ఎలక్ట్రాన్ల వ్యవహారాలు. కేంద్రకం దాకా వాటి సెగ తగలదు. కాలిస్తే పొగలో, బూడిదలో కలిసి ఇంకా పదిచోట్లకు పాకుతుంది.

బెకరెల్, గ్రే, సీవర్ట్. ఇన్ని ప్రమాణాలు ఎందుకు?

మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పదార్థంలో సెకనుకు ఎన్ని విఘటనాలు జరుగుతున్నాయో చెప్పేది బెకరెల్. ఒక కిలో ఒంట్లో ఎంత శక్తి దిగిందో చెప్పేది గ్రే. ఆ శక్తి వల్ల ఒంటికి ఎంత హాని జరగొచ్చో లెక్కగట్టేది సీవర్ట్. ఒక గ్రే గామాను ఒక సీవర్ట్‌గా లెక్కిస్తే, ఒక గ్రే ఆల్ఫాను ఇరవై సీవర్ట్‌లుగా లెక్కిస్తారు. పాత కాగితాల్లో కనిపించే క్యూరీ అంటే 3700 కోట్ల బెకరెల్‌లు.

టీవీలో "వేల బెకరెల్‌ల రేడియేషన్" అని అరిచినప్పుడు గాబరా పడకండి. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో పొటాషియం-40 ఒక్కటే సెకనుకు నాలుగు వేలసార్లకు పైగా విఘటనం చెందుతోంది. అది పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

మామూలుగా బతికితే ఏడాదికి ఎంత రేడియేషన్ తగులుతుంది?

ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఇందులో సుమారు సగం మనం పీల్చే రాడాన్ వల్లే. మిగతాది నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి.

చోటును బట్టి ఇది మారుతుంది. తెలంగాణలోని గ్రానైటు గుట్టల్లో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి కాబట్టి అక్కడ, కృష్ణా గోదావరి డెల్టా ఒండ్రు నేలల కన్నా కాస్త ఎక్కువ. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం తీరం దాకా ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంటుంది. కేరళలోని కరునాగపల్లి తీరంలో ఈ ఇసుక ఎంత ఎక్కువంటే, కొన్ని ఇళ్లలో మామూలు కన్నా చాలా రెట్లు రేడియేషన్ తగులుతుంది. అక్కడ సుమారు డెబ్బై వేలమంది మీద ఏళ్ల తరబడి అధ్యయనం చేసి 2009లో ప్రచురించిన ఫలితాల్లో, ఆ కారణంగా క్యాన్సర్లు పెరిగినట్టు కనిపించలేదు.

అరటిపండు గురించి కూడా అడుగుతారు. ఒక పండులో సుమారు 15 బెకరెల్‌ల పొటాషియం-40 ఉంటుంది. హాయిగా తినండి. పొటాషియం ఎక్కువైతే ఒళ్లు బయటికి పంపేస్తుంది, పోగుపడదు.

అమెరికాలో ఇల్లు కొంటున్నాం. రాడాన్ టెస్ట్ చేయించమంటున్నారు. అవసరమా?

తప్పకుండా చేయించండి. మొత్తం ఈ పేజీలో మీరు డబ్బు ఖర్చుపెట్టి చేయాల్సిన పని ఏదైనా ఉందంటే అది ఇదే.

నేలలోని యురేనియం సంతతిలో రేడియం, దాని నుంచి రాడాన్. మిగతావన్నీ ఘనపదార్థాలు, రాయిలోనే ఉండిపోతాయి. రాడాన్ ఒక్కటే వాయువు. నేల పగుళ్లలోంచి పైకి పాకి ఇంట్లోకి వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. మన ఊళ్లలో తలుపులు, కిటికీలు తెరిచే ఉంటాయి కాబట్టి గాలితోపాటే పోతుంది. అమెరికాలో చలికి ఇల్లంతా మూసి ఉంచుతారు, పైగా కింద బేస్‌మెంట్. రాడాన్ అక్కడే పేరుకుంటుంది. పీల్చిన రాడాన్ చాలావరకు తిరిగి బయటికే వచ్చేస్తుంది, కానీ దాని నుంచి పుట్టే పొలోనియం ఘనపదార్థం, దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల్లో ఉండిపోయి అక్కడ ఆల్ఫాలు వదులుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

అక్కడి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే మరమ్మతు చేయించాలి. నేల కిందికి గొట్టం దించి, ఫ్యాన్ పెట్టి, ఆ గాలిని కప్పు పైకి పంపేస్తారు. పెద్ద పనేం కాదు. ఇల్లు అమ్మేవాళ్లతోనే చేయించుకోవచ్చేమో బేరమాడండి. పిల్లలు బేస్‌మెంట్‌లో పడుకుంటారు, ఆడుకుంటారు. ఈ ఒక్క పరీక్ష విషయంలో బద్ధకించొద్దని చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను.

సిగరెట్‌లో రేడియేషన్ ఉంటుందన్నది నిజమేనా?

నిజం. గాలిలోని రాడాన్ నుంచి పుట్టిన సీసం-210, పొలోనియం-210 పొగాకు ఆకు మీది జిగురు నూగుకు అంటుకుంటాయి. ఫాస్ఫేట్ ఎరువుల ద్వారా నేల నుంచి కూడా కొంత చేరుతుంది. ఆకును కడిగినా పూర్తిగా పోదు. కాల్చినప్పుడు పొగతో లోపలికి పోతుంది. సిగరెట్‌లో విషాలు చాలా ఉన్నాయి, వాటిలో ఇదొకటి. ఆల్ఫా, ఒంటి లోపల, ఏళ్ల తరబడి. మూడు ప్రశ్నలకూ చెడ్డ జవాబులే.

సెల్ టవర్, మైక్రోవేవ్ ఓవెన్, వైఫై?

వీటికీ రేడియోధార్మికతకూ సంబంధం లేదు. వీటి నుంచి వచ్చేవి రేడియో తరంగాలు, మైక్రోవేవ్‌లు. పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి వాటికి లేదు.

పెళ్లిళ్లలో వాడిన పాత పెట్రోమాక్స్ లైట్లలో రేడియోధార్మిక పదార్థం ఉండేదా?

ఉండేది. గాజు చిమ్నీ లోపల కట్టే తెల్లటి వల సంచీ, మేంటిల్, థోరియం లవణంలో ముంచి ఆరబెట్టినది. మొదటిసారి వెలిగించినప్పుడు నూలు కాలిపోయి, ఆక్సైడు గూడు ఒక్కటే మిగులుతుంది. తాకితే పొడి పొడి అయ్యేది అదే. వేడికి కళ్లు చెదిరే తెల్లటి వెలుగునిచ్చేదీ అదే. మన తీరాల మోనజైట్ నుంచి తీసిన థోరియానికి ఒకప్పుడు పెద్ద గిరాకీ ఈ మేంటిళ్లే.

లైటు కింద కూర్చుని భోంచేసినవాళ్లకు ఏమీ కాదు. మేంటిల్ మార్చేటప్పుడు రాలిన బూడిదను నోటితో ఊదడం మాత్రం మంచిది కాదు. అటకమీద పాత పొట్లాలు దొరికితే పిల్లల చేతికివ్వకండి. తర్వాతి కాలంలో థోరియం లేని మేంటిళ్లు వచ్చాయి.

ఎక్స్-రే, సీటీ స్కాన్ కూడా అణు రేడియేషనేనా?

పుట్టుక వేరు, ఒంటి మీద పని ఒకటే. ఎక్స్-కిరణాలు కేంద్రకం నుంచి రావు, యంత్రంలో ఎలక్ట్రాన్లను లోహం మీదికి విసిరితే పుడతాయి. స్విచ్ ఆపగానే ఏమీ మిగలదు. ఆ గదిలో రేడియేషన్ "నిలవ" ఉండదు.

ఛాతీ ఎక్స్-రేకు మోతాదు 0.1 మిల్లీసీవర్ట్ కన్నా తక్కువే. పొట్ట సీటీ స్కాన్ మాత్రం సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌లు. డాక్టరు అవసరమని రాస్తే భయపడి మానెయ్యకండి, జబ్బు తెలియకపోవడం అంతకన్నా ప్రమాదం. అయితే తలనొప్పి వచ్చిందని "ఒకసారి సీటీ తీసేద్దాం సార్" అని మనమే ఒత్తిడి చేయడం, ఆస్పత్రి మారిన ప్రతిసారీ కొత్తగా తీయించుకోవడం మానాలి. పాత స్కాన్ల సీడీలు జాగ్రత్తగా దాచుకోండి. గర్భం ఉందేమోనన్న అనుమానమున్నా ముందే చెప్పాలి.

నాన్నగారికి పెట్ స్కాన్ చేశారు. ఇంటికొచ్చాక పిల్లలు దగ్గరికి వెళ్లొచ్చా? అమ్మకు థైరాయిడ్‌కు అయోడిన్ ఇచ్చారు, ఆమె సంగతి?

ఇక్కడ ఒక తేడా తెలియాలి. రేడియేషన్ తగలడం వేరు, రేడియోధార్మిక పదార్థం ఒంట్లో ఉండడమో ఒంటికి అంటుకోవడమో వేరు. ఎక్స్-రే తీయించుకున్న మనిషి దగ్గర ఏమీ ఉండదు. పెట్ స్కాన్, అయోడిన్ చికిత్స తీసుకున్నవాళ్ల ఒంట్లో ఆ పదార్థం కొంతకాలం ఉంటుంది.

పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. ఉదయం పదింటికి సూది వేస్తే సాయంత్రం నాలుగయ్యేసరికి పదో వంతు మిగులుతుంది. మూత్రంలో పోయేది దీనికి అదనం. తెల్లారేసరికి లెక్కపెట్టాల్సినంత ఏమీ ఉండదు. నీళ్లు బాగా తాగించండి, ఆ పూటకు చిన్నపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకుండా చూడండి. అంతే.

అయోడిన్-131 అలా కాదు. అర్ధాయువు 8 రోజులు, బీటా, గామా రెండూ వస్తాయి, చెమట, ఉమ్మి, మూత్రం అన్నిట్లోనూ బయటికి వస్తుంది. క్యాన్సర్‌కు పెద్ద మోతాదు ఇచ్చినవాళ్లను ముందు కొన్నాళ్లు ఆస్పత్రిలో ప్రత్యేక గదిలో ఉంచుతారు. ఇంటికొచ్చాక డాక్టరు చెప్పినన్ని రోజులు వేరే పడక, వేరే కంచం, గ్లాసు, మరుగుదొడ్డి వాడాక రెండుసార్లు ఫ్లష్. గర్భిణులు, చిన్నపిల్లలు దూరంగా ఉండాలి. అమ్మను అంటరానిదాన్ని చేసినట్టు బాధపడకండి, గుమ్మం దగ్గర కూర్చుని కబుర్లు చెప్పండి. రెండు మీటర్ల దూరంలో తగిలే గామా ఒక మీటరులో తగిలేదాంట్లో నాలుగో వంతే. 80 రోజులకు అసలుదాంట్లో వెయ్యో వంతు కూడా ఉండదు. ఒళ్లు బయటికి పంపేది కూడా కలిపితే అంతకన్నా చాలా ముందే పోతుంది.

అమెరికాకు పంపే బంగినపల్లి మామిడిపళ్లకు రేడియేషన్ ఇస్తారట కదా, తినొచ్చా?

తినొచ్చు. 2007 నుంచి అమెరికాకు వెళ్లే మన మామిడిపళ్లకు కనీసం 400 గ్రేల మోతాదు ఇస్తున్నారు, టెంక పురుగు లాంటివి అక్కడికి పాకకుండా. పళ్ల పెట్టెలు రేడియేషన్ మూలం (కోబాల్ట్-60) ముందు నుంచి వెళ్తాయి, మూలాన్ని తాకవు. కోబాల్ట్ గామాకు కేంద్రకాన్ని మార్చే శక్తి లేదు కాబట్టి పండు రేడియోధార్మికం కాదు.

తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల ఊళ్లకు ప్రమాదం ఎంత?

వైఎస్సార్ కడప జిల్లాలోని ఈ గని ఖనిజం చాలా పలచన, టన్ను రాయిలో అర కిలో యురేనియం కూడా ఉండదు. మిగతా రాయంతా పొడి చేసి, యురేనియం తీసుకుని, బురదగా వ్యర్థాల చెరువులోకి పంపుతారు.

చూడాల్సింది ఆ చెరువునే. యురేనియం తీసేసినా రేడియం, థోరియం-230 లాంటి సంతతి వ్యర్థంలోనే ఉండిపోతుంది. మొదట రాయిలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం చెరువుకే చేరుతుంది. గోడ, అడుగు పొర సరిగా లేకపోతే ఊట నీళ్లు భూగర్భ జలంలో కలుస్తాయి. తమ బోరు నీళ్లు పాడయ్యాయని, తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. వాళ్ల మాటను "రేడియేషన్ అంటే అపోహ" అని కొట్టిపారేయడం అన్యాయం. అడగాల్సింది గాలిలో గామా ఎంతని కాదు, బోరు నీటిలో యురేనియం, రేడియం, లవణాలు ఎంతెంత ఉన్నాయని. ఆ లెక్కలు ఊళ్లో తెలుగులో గోడ మీద కనబడాలి.

ఇంకో సంగతి: నీటిలో యురేనియం ముందుగా దెబ్బతీసేది మూత్రపిండాలను, అదీ లోహంగా, రసాయన విషంగా. లీటరుకు 30 మైక్రోగ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గనులు లేని గ్రానైటు ప్రాంతాల్లోనూ లోతు బోర్లలో అంతకు మించి ఉండొచ్చు. ఆర్వో ఫిల్టరు చాలావరకు తీసేస్తుంది. మరిగిస్తే పోదు.

కార్బన్ డేటింగ్‌తో గుడి వయసు చెప్పొచ్చా?

రాయి వయసు చెప్పలేం. ఒకప్పుడు ప్రాణమున్నదానికే అది పనికొస్తుంది. బతికున్నంతకాలం చెట్టూ పశువూ గాలి నుంచి, తిండి నుంచి కార్బన్-14 తీసుకుంటూ ఉంటాయి, చచ్చాక అది తగ్గుతూ పోతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దగ్గరి బూడిద దిబ్బ కొత్తరాతి యుగపు పశువుల దొడ్డి అనీ, అది క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్ది నాటిదనీ తేల్చడంలో ఈ పద్ధతి పనికొచ్చింది. యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి మిగిలేదేమీ ఉండదు. సుమారు 250 కోట్ల ఏళ్ల హైదరాబాదు గ్రానైటు వయసు తేల్చాలంటే యురేనియం-సీసం లెక్క కావాలి.

అణు ప్రమాదం జరిగితే అయోడిన్ ఉప్పు తింటే చాలా?

చాలదు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత చైనాలో జనం ఉప్పు కోసం ఎగబడ్డారు. ఇలాంటి ప్రమాదమప్పుడు పెద్దవాళ్లకు ఇచ్చే పొటాషియం అయోడైడ్ మాత్రలో సుమారు 100 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాములు ఉందనుకుంటే ఆరున్నర కిలోలకు పైనే తినాలి. పైగా మాత్ర కాపాడేది థైరాయిడ్‌ను ఒక్కదాన్నే, అదీ అయోడిన్-131 నుంచి మాత్రమే. ప్రభుత్వం చెప్పినప్పుడే వేసుకోవాలి.

పాత ఇనుప సామాను కొనేవాళ్లు దేన్ని చూసి జాగ్రత్తపడాలి?

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ బజారులో జరిగినది ప్రతి పాత ఇనుము వ్యాపారికీ తెలియాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం వాడకం మానేసిన గామా యంత్రాన్ని వేలంలో అమ్మేసింది. కొన్నవాళ్లు దాన్ని విప్పారు. సీసం తొడుగు లోపలి కోబాల్ట్-60 కడ్డీలు ముక్కలై చేతులు మారాయి. ఒకాయన ఒక ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు. చర్మాలు కాలాయి, వాంతులయ్యాయి, జుట్టు రాలింది, ఒకరు చనిపోయారు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో పాడుబడ్డ ఆస్పత్రి యంత్రం నుంచి తీసిన సీజియం-137 పొడి నీలంగా మెరుస్తోందని ఇరుగుపొరుగుకు పంచారు. నలుగురు పోయారు, అందులో ఆరేళ్ల పాప ఒకరు.

పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు ఉంటే చెయ్యి వేయొద్దు. గుర్తు చెరిగిపోయి ఉండొచ్చు కాబట్టి, సైజుకు మించిన బరువున్న డబ్బా, లోపల సీసం దిమ్మె, ఆస్పత్రి నుంచో ఫ్యాక్టరీ నుంచో వచ్చిన గుండ్రటి గట్టి ఉక్కు తొడుగు, ఇలాంటివి కనబడితే కోయకండి, కరిగించకండి. అందర్నీ దూరంగా పంపి 112కు ఫోన్ చేయండి. సీసం కిలోకు వచ్చే నాలుగు రూపాయల కోసం కట్టర్ పెట్టే కుర్రాడికి ఇవేవీ ఎవరూ చెప్పి ఉండరు. తెలిసినవాళ్లు చెప్పాలి.

ఆన్‌లైన్‌లో దొరికే గీగర్ కౌంటర్ కొనుక్కోవచ్చా?

నేర్చుకోవడానికి కొనుక్కోండి, పిల్లలకు భలే సరదాగా ఉంటుంది. గంటకు 0.1 నుంచి 0.3 మైక్రోసీవర్ట్‌ల మధ్య చూపిస్తుంటే అది మామూలు. గ్రానైటు గచ్చు మీద కాస్త ఎక్కువ, పడవెక్కి గోదావరి మధ్యలోకి పోతే తక్కువ, విమానంలో చాలా ఎక్కువ చూపిస్తుంది. చౌక రకాలు చాలావరకు ఆల్ఫాను పట్టలేవు, గొట్టం గోడే దాన్ని ఆపేస్తుంది. కాబట్టి దాంతో నీళ్లలో యురేనియం ఉందో లేదో, ఇంట్లో రాడాన్ ఎంతుందో తెలియదు. వాటికి ప్రయోగశాల పరీక్షే చేయించాలి.